ఎనిమిది మంది డెవలపర్లు, 11 మైక్రోసర్వీసులు: ఏ టూల్ ముందు, ఏది తర్వాత

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా తిరిగి చెబుతాను, ఎందుకంటే నా సమాధానం మొత్తం అందులోని వివరాల మీదనే ఆధారపడి ఉంది. మడికొండలో ఎనిమిది మంది డెవలపర్లతో పనిచేస్తున్న మీ బృందం ఏనుమాముల మార్కెట్ యార్డులోని అడ్తిదారుల (కమీషన్ ఏజెంట్ల) కోసం ఒక అప్లికేషన్ నడుపుతోంది. లాట్ నమోదు, వేలం ధర, కాంటా, తక్‌పట్టీ (అమ్మకపు లెక్కల చీటీ), చెల్లింపు, ఎస్సెమ్మెస్ తదితర పనులన్నీ 11 మైక్రోసర్వీసులుగా, అంటే విడివిడిగా నడుస్తూ ఒకదాన్నొకటి పిలుచుకునే చిన్న ప్రోగ్రాములుగా, క్లౌడ్‌లో కుబెర్నెటిస్ (కంటైనర్లలో ప్రోగ్రాములను నడిపి చూసుకునే వ్యవస్థ) మీద ఉన్నాయి. వాటిలో తొమ్మిది జావా స్ప్రింగ్ బూట్‌లో, రెండు నోడ్‌లో రాసినవి. అన్నింటి వెనుకా ఉన్నది ఒకే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. రాత్రివేళ ఒక్కో సర్వీసుకు ఒక్కో పాడ్ (నడుస్తున్న ఒక నకలు) ఉంటుంది, ఉదయం లోడ్ పెరగగానే ఆటోస్కేలర్ వాటిని మూడు దాకా పెంచుతుంది. మిర్చి సీజన్‌లో వేలం మొదలైన కాసేపటికే అప్లికేషన్ మొత్తం నెమ్మదిస్తోంది, కొన్ని చెల్లింపులు రెండేసిసార్లు నమోదవుతున్నాయి, లాగ్‌లు ఎంత వెతికినా కారణం తేలడం లేదు. దానికి తోడు ఒక క్లౌడ్ కీ (రహస్య ప్రవేశ సంకేతం) కోడ్ దాచే గిట్‌లోకి వెళ్ళింది. ఈ పరిస్థితిలో ఏ టూల్స్ కొనాలి, సర్వీస్ మెష్ (సర్వీసుల మధ్య పిలుపులను ప్రాక్సీల ద్వారా నడిపే పొర) పెట్టాలా వద్దా, ప్రతి లాప్‌టాప్‌లోనూ అన్ని సర్వీసులూ నడిచేలా ఏర్పాటు చేసుకోవాలా అన్నవి మీ ప్రశ్నలు.

మీరు జతచేసిన జాబితాలోని టూల్స్‌లో పనికిరానివి ఏవీ లేవు. అయితే వాటిని నిర్మాణానికి కొన్ని, భద్రతకు కొన్ని, డీబగ్గింగ్‌కు కొన్ని అంటూ మూడు గంపలుగా విడదీసి, ఒక్కో గంపలోంచి ఒక్కొక్కటి ఎంచుకోబోవడం దగ్గరే నాకు అభ్యంతరం ఉంది. ఒక రైతు లాట్‌కు సంబంధించిన ఒక్క రిక్వెస్ట్ ఏ సర్వీసు నుంచి ఏ సర్వీసుకు, ఎవరి అనుమతితో, ఎంతసేపట్లో వెళ్ళిందో మీలో ఎవరైనా, నిన్న చేరిన కుర్రవాడైనా సరే, కాసేపట్లో చూపించగలగాలి. ఆ స్థితికి చేర్చే టూల్ ముందు రావాలి, చేర్చనిది ఎంత పేరున్నదైనా వెనక్కి వెళ్ళాలి. ఈ కొలతతో చూస్తే లీకైన కీని వెంటనే రద్దు చేయడం పోను, టూల్స్‌లో మీకు మొదట కావలసింది డిస్ట్రిబ్యూటెడ్ ట్రేసింగ్ (ఒక రిక్వెస్ట్ సర్వీసులన్నింటిలో నడిచిన దారిని, పట్టిన సమయాన్ని నమోదు చేయడం), ఆ తర్వాత కీలు, ఇమేజ్‌ల (సర్వీసులను నడిపే కంటైనర్ ప్యాకేజీల) భద్రత. సర్వీస్ మెష్ ఈ సీజన్‌లో అవసరం లేదు.

ట్రేసింగ్ కొత్త ఆలోచనేమీ కాదు. గూగుల్ తన డాపర్ వ్యవస్థ గురించిన పత్రాన్ని 2010లో ప్రచురించింది. ట్విట్టర్ 2012లో జిప్‌కిన్‌ను, ఊబర్ 2017లో జేగర్‌ను ఓపెన్ సోర్స్ చేశాయి. చాలాకాలం ఒక్కో టూల్‌కు ఒక్కో లైబ్రరీ ఉండడం వల్ల, ఒకదాని నుంచి మరొకదానికి మారాలంటే కోడ్ అంతా తిరగరాయవలసి వచ్చేది. 2019లో ఓపెన్‌ట్రేసింగ్, ఓపెన్‌సెన్సస్ ప్రాజెక్టులు రెండూ కలిసి ఓపెన్‌టెలిమెట్రీగా మారిన తర్వాత ఆ బెడద తగ్గింది. 2020లో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ప్రామాణికం చేసిన ట్రేస్‌పేరెంట్ అనే హెడర్ (రిక్వెస్ట్‌తో పాటు వెళ్ళే సమాచార వరుస) ఈ మొత్తం ఏర్పాటుకు వెన్నెముక. అందులో నాలుగు భాగాలుంటాయి: వెర్షన్, 32 హెక్సాడెసిమల్ అక్షరాల ట్రేస్ ఐడీ, 16 అక్షరాల పేరెంట్ ఐడీ, చివర ఫ్లాగులు. కాంటా దగ్గరా, హమాలీ దగ్గరా, ఖరీదుదారు దగ్గరా మిర్చి బస్తా వెంట ఒకే లాట్ నంబరు ఎలా నడుస్తుందో, ఆ ట్రేస్ ఐడీ కూడా రిక్వెస్ట్ వెంట ప్రతి సర్వీసులోకీ అలాగే నడుస్తుంది.

మీ జావా సర్వీసులకు కోడ్ మార్చవలసిన పని దాదాపు లేదు. ఓపెన్‌టెలిమెట్రీ జావా ఏజెంట్‌ను జేవీఎం మొదలయ్యేటప్పుడు జతచేస్తే స్ప్రింగ్, డేటాబేస్‌ను పిలిచే జేడీబీసీ, మెసేజ్‌లను చేరవేసే కాఫ్కా వంటివాటికి స్పాన్‌లు (ఒక్కో పని ఎప్పుడు మొదలై ఎంతసేపు పట్టిందో చెప్పే నమోదులు) వాటంతటవే వస్తాయి, లాగ్ ఫార్మాట్‌లో చోటిస్తే లాగ్ వరుసల్లోకి ట్రేస్ ఐడీ కూడా చేరుతుంది. నోడ్‌కూ ఇటువంటి ఏర్పాటే ఉంది. అయితే ఏజెంట్ పెట్టాం కాబట్టి పని అయిపోయిందని అనుకోవద్దు, ఎందుకంటే ట్రేస్ తెగిపోయే చోట్లు ప్రతి వ్యవస్థలోనూ కొన్ని ఉంటాయి. మీ వర్ణనను బట్టి తక్‌పట్టీ సర్వీసు ఒక డేటాబేస్ టేబుల్‌లో పని రాసిపెడితే, ఎస్సెమ్మెస్ సర్వీసు దాన్ని కొంతసేపటికి చదువుతోంది. ఇలా టేబుల్ ద్వారా పని చేతులు మారినప్పుడు ట్రేస్ అక్కడితో తెగుతుంది. ఆ టేబుల్‌లో ట్రేస్‌పేరెంట్ కోసం ఒక కాలమ్ చేర్చి, చదివే సర్వీసు దాన్ని తిరిగి అందుకునేలా మీరే రాయాలి. మధ్యలో కాఫ్కా ఉంటే మెసేజ్ హెడర్లు ఆ పని చేస్తాయి. నిర్ణీత వేళకు నడిచే జాబ్‌లకు ఎక్కడి నుంచీ హెడర్ రాదు కనుక, ఒక్కో లాట్‌కు ఒక్కో కొత్త ట్రేస్ మొదలయ్యేలా చూడండి. వేల లాట్ల పని అంతా ఒకే ట్రేస్‌లోకి చేరితే దాన్ని ఎవరూ చదవలేరు.

ఇందులో పాటించవలసిన జాగ్రత్తలు రెండు ఉన్నాయి. మొదటిది, లాట్ నంబరునూ తక్‌పట్టీ నంబరునూ స్పాన్‌కు గుణాలుగా చేర్చండి, ఎందుకంటే అడ్తిదారు ఫోన్ చేసినప్పుడు ట్రేస్ ఐడీ చెప్పడు, తక్‌పట్టీ నంబరే చెబుతాడు. కానీ అదే నంబరును ప్రొమీథియస్ (కొలతలను సేకరించే టూల్) మెట్రిక్‌కు లేబుల్‌గా పెట్టవద్దు. లేబుల్‌లో వచ్చే ప్రతి కొత్త విలువకూ ప్రొమీథియస్ ఒక కొత్త టైమ్ సిరీస్ తెరుస్తుంది కాబట్టి సీజన్ మధ్యలో దాని మెమరీ నిండిపోతుంది. రెండవది, రైతు బ్యాంకు ఖాతా నంబరు, ఆధార్, మొబైల్ నంబరు వంటివి స్పాన్‌లలోకి గానీ లాగ్‌లలోకి గానీ పోకుండా చూడాలి. సర్వీసుల నుంచి ట్రేస్‌లను అందుకుని ముందుకు పంపే ఓపెన్‌టెలిమెట్రీ కలెక్టర్‌లో వాటిని తుడిచే ప్రాసెసర్లు ఉన్నాయి, అయితే అవి రెండో కాపలా మాత్రమే. మొదటి కాపలా కోడ్ రాసేవారే.

డబ్బు కట్టి కొనే అబ్జర్వబిలిటీ (వ్యవస్థ లోపల ఏం జరుగుతోందో చూపే) సేవల గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు. వాటిలో మంచివి ఉన్నాయి, కానీ బిల్లు సాధారణంగా హోస్ట్‌ల సంఖ్యను బట్టో పంపిన డేటా పరిమాణాన్ని బట్టో పెరుగుతుంది కనుక, సీజన్‌లో మీ రాబడి కంటే ముందు బిల్లు పెరగవచ్చు. జేగర్, ప్రొమీథియస్, లాగ్‌ల కోసం లోకి, గ్రాఫుల కోసం గ్రఫానాలను సొంతంగా నడపడం ఉచితమని అనుకోవడం కూడా సరికాదు, ఎందుకంటే వాటికి డిస్క్ కావాలి, అప్‌గ్రేడ్‌లు కావాలి, చూసుకునే మనిషి కావాలి. మీలో ఒకరు వారంలో కొంత సమయం దానికి కేటాయించగలిగితే సొంతంగా నడపండి, లేకపోతే కొనండి. ఏది చేసినా సర్వీసులు డేటాను నేరుగా ఆ కంపెనీకి కాకుండా కలెక్టర్‌కే పంపాలి. అప్పుడు రేపు కంపెనీ మారినా కలెక్టర్ కాన్ఫిగరేషన్ ఒక్కటి మారిస్తే సరిపోతుంది. అన్ని ట్రేస్‌లనూ దాచవలసిన పని లేదు. తప్పుతో ముగిసినవీ, ఎక్కువసేపు పట్టినవీ పూర్తిగా ఉంచి, మామూలువాటిలో కొద్ది భాగాన్ని ఉంచే టెయిల్ శాంప్లింగ్ మీకు తగినది, అయితే ఒక ట్రేస్‌కు చెందిన స్పాన్‌లన్నీ ఒకే కలెక్టర్‌కు చేరితేనే అది పనిచేస్తుందని గుర్తుంచుకోండి.

ఇక మీ ఉదయపు సమస్య సంగతి. ట్రేస్ చూడకుండా కారణం ఇదేనని చెప్పడం భావ్యం కాదు, కానీ మీరిచ్చిన వివరాల్లో ఒక లెక్క నన్ను ఆపింది. స్ప్రింగ్ బూట్ 2.0 నుంచి డిఫాల్ట్‌గా వచ్చే కనెక్షన్ పూల్ (డేటాబేస్ కనెక్షన్లను ముందే తెరిచి ఉంచే భాగం) హికారీ. మనం ఏమీ మార్చకపోతే దాని గరిష్ఠ పరిమాణం 10, ఖాళీగా ఉన్నప్పుడు కూడా అది ఆ పదినీ తెరిచే ఉంచుతుంది. మీకు జావా సర్వీసులు తొమ్మిది కాబట్టి, రాత్రి ఒక్కో పాడ్ ఉన్నప్పుడే 90 కనెక్షన్లు పోయినట్టే. పోస్ట్‌గ్రెస్‌లో డిఫాల్ట్ గరిష్ఠ కనెక్షన్లు 100, అందులోనూ మూడు సూపర్‌యూజర్ కోసం పక్కన పెట్టినవి. నోడ్ సర్వీసుల కనెక్షన్లు అసలు లెక్కలోకి తీసుకోకపోయినా, ఉదయం ఆటోస్కేలర్ ఒక్క జావా పాడ్‌ను పెంచితే చాలు, ఆ పాడ్ అడిగిన పదిలో మూడు దొరకవు. రెండో పాడ్‌కు ఏమీ దొరకదు. లోడ్‌ను పంచుకోవడానికి వచ్చిన పాడ్‌లే డేటాబేస్ గుమ్మం దగ్గర రద్దీ పెంచుతాయన్నమాట.

రెండుసార్లు చెల్లింపు కూడా ఇక్కడి నుంచే పుట్టి ఉండవచ్చు. హికారీ కనెక్షన్ కోసం డిఫాల్ట్‌గా 30 సెకన్లు వేచి ఉంటుంది. చెల్లింపు సర్వీసును పిలిచే తక్‌పట్టీ సర్వీసు టైమౌట్ 10 సెకన్లు అనుకుంటే, పదో సెకనులో అది ఆశ వదులుకుని మళ్ళీ పిలుస్తుంది. అయితే మొదటి పిలుపు చెల్లింపు సర్వీసులో ఇంకా బతికే ఉంది, పదిహేనో సెకనులో దానికి కనెక్షన్ దొరికి చెల్లింపు రాసేస్తుంది. ఆ తర్వాత రెండోది కూడా రాస్తుంది. లాగ్‌లలో చూస్తే ఇవి రెండు వేర్వేరు, సక్రమమైన చెల్లింపులుగా కనిపిస్తాయి, అందుకే మీకు కారణం దొరకలేదు. ట్రేస్‌లో చూస్తే ఒకే తక్‌పట్టీ స్పాన్ కింద రెండు చెల్లింపు స్పాన్‌లు, వాటిలో కనెక్షన్ కోసం పొడవాటి ఖాళీ పక్కపక్కనే కనబడతాయి. మూడు అంచెల్లో ఒక్కో అంచె మూడేసిసార్లు ప్రయత్నిస్తే అట్టడుగు సర్వీసుకు ఒక్క రిక్వెస్ట్ 27 పిలుపులవుతుందన్నది కూడా మరవవద్దు. రీట్రై ఒక్క అంచెలోనే ఉండాలి, ప్రయత్నాల మధ్య వ్యవధి పెరుగుతూ పోవాలి, ఆ వ్యవధిలో కొంత యాదృచ్ఛికత ఉండాలి.

దీన్ని సరిచేయడానికి కొత్తగా కొనవలసింది ఏదీ లేదు. ప్రతి చెల్లింపుకూ తక్‌పట్టీ సర్వీసే ఒక ఐడెంపొటెన్సీ కీ (మళ్ళీ ప్రయత్నించినా మారని గుర్తింపు) ఇచ్చి, చెల్లింపు టేబుల్‌లో ఆ కాలమ్ మీద యూనిక్ (ఒకే విలువ రెండుసార్లు ఉండకూడదన్న) నిబంధన పెడితే రెండోసారి రాయడాన్ని డేటాబేసే నిరాకరిస్తుంది. కోడ్‌లో ముందు వెతికి తర్వాత రాయడం చాలదు, ఎందుకంటే ఆ రెండింటి మధ్య సందులోనే రెండో రిక్వెస్ట్ దూరుతుంది. టైమౌట్లు బయటి నుంచి లోపలికి పోయేకొద్దీ తగ్గుతూ రావాలి. పూల్ పరిమాణాన్ని గరిష్ఠ పాడ్‌ల సంఖ్యతో గుణించి చూసి నిర్ణయించాలి. సరిపోకపోతే మధ్యలో కొద్ది కనెక్షన్లనే అందరికీ పంచే పీజీబౌన్సర్ పెట్టవచ్చు. పోస్ట్‌గ్రెస్ పరిమితిని ఊరికే 500కు పెంచమని సలహా ఇచ్చేవారు ఉంటారు, కానీ ఒక్కో కనెక్షన్ వెనుక ఒక్కో ప్రాసెస్ ఉంటుంది కాబట్టి అది మెమరీ సమస్యగా మారి మరో ఉదయం తిరిగి వస్తుంది.

డాష్‌బోర్డుల గురించి ఒక్క మాట చెబుతాను. సగటు సమయాన్ని చూడడం మానేయండి. వేయి రిక్వెస్టుల్లో యాభై 30 సెకన్లు పట్టినా, మిగిలినవి క్షణంలో ముగిస్తే సగటు రెండు సెకన్ల లోపే కనిపిస్తుంది, ఆ యాభై మంది మాత్రం కాంటా దగ్గర నిలబడి ఉంటారు. 95వ, 99వ పర్సెంటైల్ (నూటికి 95, 99 రిక్వెస్టులు ఎంతసేపటి లోపు ముగిశాయో చూపే) గ్రాఫులను సర్వీసువారీగా పెట్టండి.

కుబెర్నెటిస్‌కు సంబంధించిన కొన్ని చిక్కులు ట్రేస్‌లో కనిపించవు. పాడ్ 137 కోడ్‌తో ఆగిపోతే దానికి సిగ్‌కిల్ (బలవంతంగా ఆపే సంకేతం) అందిందని అర్థం, చాలాసార్లు మెమరీ పరిమితి దాటడమే కారణం. పాడ్ వివరాలు చూపే డిస్క్రైబ్ ఆదేశంలో ఓఓఎం‌కిల్డ్ అని ఉందో లేదో చూడండి, పోయిన కంటైనర్ లాగ్‌లకు ప్రీవియస్ అన్న ఆప్షన్ వాడండి. కంటైనర్‌కు ఎంత మెమరీ ఇచ్చినా జేవీఎం తన హీప్‌కు (ప్రోగ్రాము డేటా ఉండే మెమరీకి) డిఫాల్ట్‌గా అందులో నాలుగో వంతు మాత్రమే తీసుకుంటుందన్న సంగతి చాలామందికి తెలియదు. మెమరీ పెంచుతూ పోయి, హీప్ అంతగా పెరగలేదని ఆశ్చర్యపోతుంటారు. సీపీయూ పరిమితి అరకోర్ పెడితే ప్రతి 100 మిల్లీసెకన్లలో 50 మిల్లీసెకన్ల పనికే అనుమతి ఉంటుంది, అనేక థ్రెడ్‌లున్న జావా సర్వీసు ఆ వాటాను మొదట్లోనే ఖర్చు చేసి మిగతా వ్యవధి అంతా ఆగి ఉంటుంది. సగటు సీపీయూ వాడకం తక్కువగా కనిపిస్తూనే సర్వీసు నత్తనడక నడిస్తే థ్రాట్లింగ్, అంటే ఇలా ఆగిన సమయాన్ని చూపే మెట్రిక్‌ను చూడాలి. ఇక ఎస్సెమ్మెస్ గేట్‌వే వంటి బయటి చిరునామాలకు వెళ్ళే ప్రతిసారీ కుబెర్నెటిస్ డీఎన్ఎస్ ముందుగా క్లస్టర్ లోపలి పేర్లన్నీ ప్రయత్నించి, లేవని తేలాకే బయటికి వెళుతుంది. పేరులో అంతకంటే తక్కువ చుక్కలుంటే ముందు లోపలే వెతకమని చెప్పే ఎన్‌డాట్స్ విలువ డిఫాల్ట్‌గా 5 ఉండడం దీనికి కారణం. చిరునామా చివర చుక్క పెట్టినా, ఆ విలువ తగ్గించినా ఈ వృథా ప్రశ్నలు పోతాయి.

పాడ్ లోపలికి వెళ్ళి చూడవలసి వచ్చినప్పుడు, షెల్ కూడా లేని చిన్న ఇమేజ్‌లతో ఏం చేయాలని మీలో ఒకరు సందేహం వెలిబుచ్చారు. కుబెర్నెటిస్ ఆదేశాల టూల్ కుబ్‌సీటీఎల్‌లోని డీబగ్ ఆదేశం నడుస్తున్న పాడ్‌కు పక్కన టూల్స్ ఉన్న మరో తాత్కాలిక కంటైనర్‌ను అతికిస్తుంది. ఈ ఎఫెమరల్ కంటైనర్లు 2022 ఆగస్టులో వచ్చిన కుబెర్నెటిస్ 1.25 వెర్షన్‌లోనే స్థిరమయ్యాయి. డీబగ్గింగ్ కోసమని ప్రొడక్షన్ ఇమేజ్‌లలో కర్ల్, షెల్, ఎడిటర్ అన్నీ కూర్చవలసిన రోజులు పోయాయి. రిమోట్ డీబగ్గర్‌ను మాత్రం ప్రొడక్షన్‌కు తగిలించవద్దు. బ్రేక్‌పాయింట్ దగ్గర ప్రాసెస్ అంతా ఆగితే లైవ్‌నెస్ ప్రోబ్‌కు (సర్వీసు బతికే ఉందా అని అడిగే పరీక్షకు) జవాబు రాదు, డిఫాల్ట్ విలువల ప్రకారం పది సెకన్లకోసారి వచ్చే ప్రోబ్ వరుసగా మూడుసార్లు విఫలం కాగానే ప్రతి మెషిన్‌లో ఉండే కుబెర్నెటిస్ ఏజెంట్ కుబ్‌లెట్ ఆ కంటైనర్‌ను రీస్టార్ట్ చేస్తుంది, మీరు చూస్తున్న ఆధారమూ దానితోనే పోతుంది. జావాకు ఫ్లైట్ రికార్డర్ ఉంది, అది నడుస్తున్న సర్వీసుకు పెద్దగా భారం కాదు.

లాప్‌టాప్‌ల ప్రశ్నకు నా సమాధానం వద్దనే. 16 జీబీ మెమరీలో 11 సర్వీసులు, డేటాబేస్, ఎడిటర్, బ్రౌజర్ కలిపి నడపడం సాధ్యమే కావచ్చు గానీ, ఆ ఏర్పాటును నిలబెట్టడమే ఒకరికి పూర్తికాలపు పని అవుతుంది. ప్రతి సర్వీసూ తన పరిసరాలతో, అంటే తన డేటాబేస్‌తో, తాను పిలిచే ఒకటి రెండు సర్వీసుల నకళ్ళతో డాకర్ కంపోజ్‌లో నడవాలి. టెస్టులకు హెచ్2 వంటి మెమరీ డేటాబేస్ బదులు టెస్ట్‌కంటైనర్స్ ద్వారా అసలైన పోస్ట్‌గ్రెస్‌నే వాడండి. పైన చెప్పిన యూనిక్ నిబంధన, లాకుల ప్రవర్తన అచ్చంగా ప్రొడక్షన్‌లో ఉన్నట్టే పరీక్షకు వస్తాయి. సర్వీసుల మధ్య ఒప్పందాలకు ప్యాక్ట్ మంచిది: తక్‌పట్టీ సర్వీసు తనకు ఏ ఫీల్డులు కావాలో రాసి ఉంచుతుంది, చెల్లింపు సర్వీసు తన బిల్డ్‌లోనే దాన్ని సరిచూసుకుంటుంది, ఫీల్డు పేరు మార్చినవారికి స్టేజింగ్ (విడుదలకు ముందు పరీక్షించే చోటు) దాకా పోకుండానే తెలిసిపోతుంది. నిజంగా మిగతా సర్వీసులన్నీ కావలసినప్పుడు టెలిప్రెజెన్స్ గానీ మిర్రర్‌డీ గానీ వాడి, లాప్‌టాప్‌లోని ఒక్క సర్వీసును స్టేజింగ్ క్లస్టర్‌కు కలపవచ్చు. ఇవి చాలా శక్తిగలవి కనుక ప్రొడక్షన్ క్లస్టర్ అనుమతులు ఉన్న లాప్‌టాప్‌లో వీటిని నడపకుండా కట్టడి చేయండి. కోడ్ మారగానే క్లస్టర్‌లో తిరిగి నడిపించే టిల్ట్, స్కాఫోల్డ్‌లలో ఏది తీసుకున్నా ఫర్వాలేదు, ఆ చర్చ మీద సాయంత్రాలు ఖర్చు చేయకండి.

ఈ సందర్భంలోనే అడగని సలహా ఒకటి ఇస్తాను. ఎనిమిది మందికి 11 సర్వీసులు ఎక్కువ. వేలం ధర, కాంటా, తక్‌పట్టీ ఎప్పుడూ కలిసే డిప్లాయ్ అవుతున్నాయని మీరే రాశారు. కలిసి మారేవాటిని ఒకటిగా కలిపితే నెట్‌వర్క్ పిలుపులు, పూల్స్, టైమౌట్లు అన్నీ ఒక్కసారిగా తగ్గుతాయి. అమెజాన్ ప్రైమ్ వీడియోలోని ఒక బృందం తన నాణ్యత పర్యవేక్షణ వ్యవస్థను విడివిడి సర్వర్‌లెస్ భాగాల నుంచి ఒకే అప్లికేషన్‌గా మార్చి, ఖర్చు 90 శాతానికి పైగా తగ్గిందని 2023లో రాసింది. ఆ లెక్క మీకు వర్తించాలని లేదు, కానీ వెనక్కి వెళ్ళడం చిన్నతనం కాదని చెప్పడానికి అది చాలు.

భద్రతలో మొదటి పని గిట్‌లోకి వెళ్ళిన కీని రద్దు చేసి కొత్తది తీసుకోవడం. ఫైలును తొలగించి మరో కమిట్ చేయడం వల్ల ప్రయోజనం లేదు, చరిత్రలో అది అలాగే ఉంటుంది. చరిత్రను తిరగరాసినా ఇప్పటికే ఎవరు క్లోన్ చేసుకున్నారో మనకు తెలియదు. ఆ కీతో ఏమేం జరిగిందో క్లౌడ్ ఆడిట్ లాగ్‌లో చూడండి. తర్వాత కోడ్‌లో రహస్య కీలను వెతికే గిట్‌లీక్స్‌ను ప్రతి లాప్‌టాప్‌లో కమిట్‌కు ముందూ, మళ్ళీ సీఐలోనూ (కోడ్‌ను దానంతటదే బిల్డ్, టెస్ట్ చేసే వ్యవస్థలో) పెట్టండి. లాప్‌టాప్‌లో దాటవేసేవారు ఉంటారు, సీఐలో దాటవేయలేరు. అంతకంటే మేలైన మార్గం దీర్ఘకాలపు కీలే లేకుండా చేయడం. సీఐ నుంచి క్లౌడ్‌కు ఓఐడీసీ (గుర్తింపును నిరూపించే ప్రమాణం) ద్వారా కొద్దిసేపు మాత్రమే చెల్లే అనుమతి తీసుకోవచ్చు, పాడ్‌లకు కీ లేకుండానే క్లౌడ్ గుర్తుపట్టే వర్క్‌లోడ్ ఐడెంటిటీ ఇవ్వవచ్చు. కుబెర్నెటిస్ సీక్రెట్‌లో పెట్టాం కదా అన్న ధీమా వద్దు: అందులోని విలువ బేస్64 రూపంలో ఉంటుందే తప్ప అది ఎన్‌క్రిప్షన్ కాదు, విడిగా ఏర్పాటు చేయకపోతే కుబెర్నెటిస్ తన సమాచారం దాచే ఈటీసీడీలో కూడా అది ఎన్‌క్రిప్ట్ కాకుండానే ఉంటుంది.

ఇమేజ్‌లను తెలిసిన లోపాల కోసం స్కాన్ చేయడానికి ట్రివీ గానీ గ్రైప్ గానీ చాలు. మొదటి రోజే వందల హెచ్చరికలు వస్తాయి, వాటిని చూసి బృందం టూల్‌నే ఆపేస్తుంది. అందువల్ల తీవ్రమైనవి, ఇప్పటికే సరిచేసిన వెర్షన్ అందుబాటులో ఉన్నవి మాత్రమే బిల్డ్‌ను ఆపేలా మొదలుపెట్టండి; బేస్ ఇమేజ్‌ను డిస్ట్రోలెస్‌కు (షెల్, అదనపు ప్యాకేజీలు లేని ఇమేజ్‌కు) మారిస్తే మిగిలినవాటిలో చాలా భాగం దానంతటదే పోతుంది. ప్రతి బిల్డ్‌తో పాటు ఎస్‌బీఓఎం, అంటే ఆ ఇమేజ్‌లో ఏ లైబ్రరీ ఏ వెర్షన్ ఉందో తెలిపే జాబితా, తయారు చేసి దాచండి. 2021 డిసెంబరులో జావా లాగింగ్ లైబ్రరీ లాగ్4జేలో లోపం బయటపడినప్పుడు ప్యాచ్ చేయడం కంటే, ఆ లైబ్రరీ తమ దగ్గర ఎక్కడెక్కడ ఉందో కనుక్కోవడానికే చాలా సంస్థలు ఎక్కువ శ్రమపడ్డాయి.

సీఐ పైప్‌లైన్ కూడా దాడికి గురయ్యే చోటే. 2025 మార్చిలో టీజే-యాక్షన్స్ వారి చేంజ్డ్-ఫైల్స్ అనే గిట్‌హబ్ యాక్షన్ (పైప్‌లైన్‌లో వాడే సిద్ధంగా ఉన్న భాగం) ట్యాగులను దాడిచేసినవారు చెడు కోడ్ వైపు తిప్పారు. 23,000కు పైగా రిపాజిటరీలు దాన్ని వాడుతుండగా, కొన్నింటి బిల్డ్ లాగ్‌లలో రహస్య కీలు ముద్రితమయ్యాయి. రిపాజిటరీలో రాసే అనుమతి చేజిక్కినవారు ట్యాగును జరపగలరు, కమిట్ హ్యాష్‌ను జరపలేరు. కనుక బయటి యాక్షన్లన్నింటినీ పూర్తి హ్యాష్‌తోనే పిలవండి.

క్లస్టర్ లోపల డిఫాల్ట్‌గా ఏ పాడ్ అయినా ఏ పాడ్‌తోనైనా మాట్లాడగలదు. అన్నింటినీ నిరాకరించే నెట్‌వర్క్ పాలసీ ఒకటి పెట్టి, ట్రేస్‌లలో కనిపించిన దారులకు మాత్రమే అనుమతి రాస్తూ పోండి. సర్వీసుల అసలు సంబంధాల పటం మీ దగ్గర ఉంటుంది కనుక ఊహలతో రాయవలసిన పని ఉండదు. అయితే కాలికో, సిలియం వంటి నెట్‌వర్క్ ప్లగిన్ దాన్ని అమలుచేస్తేనే ఆ పాలసీకి విలువ. అమలుచేయని ప్లగిన్ ఉంటే పాలసీ కాగితం మీదే ఉంటుంది, తప్పు సందేశం కూడా రాదు. సర్వీస్ మెష్ వద్దనడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. ఇస్టియో, లింకర్‌డీలు ఇచ్చే పరస్పర టీఎల్ఎస్ (సర్వీసులు ఒకదాన్నొకటి గుర్తించి ఎన్‌క్రిప్షన్‌తో మాట్లాడుకోవడం) విలువైనదే, కానీ వాటి ప్రాక్సీలు, సర్టిఫికెట్లు, అప్‌గ్రేడ్‌లు మరో వ్యవస్థ అవుతాయి, దాని రీట్రైలు మీ కోడ్ రీట్రైలకు తోడవుతాయి. రీట్రైల లెక్కే ఇంకా తేలని చోట మరో అంచె పెట్టడం నాకు నచ్చదు.

స్కానర్లకు సులువుగా దొరకని లోపం ఒకటుంది, దాన్ని మీరే వెతకాలి. ఒక అడ్తిదారు లాగిన్ అయి చిరునామాలోని తక్‌పట్టీ నంబరును మార్చితే మరో అడ్తిదారు తక్‌పట్టీ తెరుచుకుంటుందా? వెబ్ భద్రతా సంస్థ ఓవాస్ప్ ప్రకటించే ఏపీఐ లోపాల జాబితాలో 2019లోనూ 2023లోనూ మొదటి స్థానంలో ఉన్నది ఈ రకమైన లోపమే. గేట్‌వే దగ్గర టోకెన్ సరిచూసుకుని లోపలి సర్వీసులు గుడ్డిగా నమ్మితే ఇది తప్పక ఉంటుంది. ప్రతి సర్వీసు తన దగ్గరి రికార్డు యజమాని ఎవరో తానే సరిచూడాలి. ధరలు, చెల్లింపులు ఖరీదుదారుల మధ్య పోటీకి సంబంధించినవి కాబట్టి, ఇది బయటపడితే యార్డులో మీ మీద నమ్మకం ఒక్కరోజులో పోతుంది.

చట్టం వైపు నుంచి కూడా కొన్ని విషయాలు తెలిసి ఉండాలి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం పేర్కొన్న సైబర్ ఘటనలను గుర్తించిన ఆరు గంటల్లోపు తెలియజేయాలి, లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి, సిస్టమ్ గడియారాలను ఎన్టీపీ ద్వారా సరిపోల్చి ఉంచాలి. ట్రేస్‌లను వారం పది రోజులు ఉంచి తీసేసినా, ఆడిట్ లాగ్‌లను, లాగిన్ లాగ్‌లను విడిగా చవక స్టోరేజీలోకి పంపే ఏర్పాటు ఇప్పుడే చేసుకోండి. రైతుల వివరాలు దాస్తున్నారు కనుక 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా మీకు సంబంధించినదే.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. కీ రద్దు ఈరోజే చేయండి. తర్వాత ఉదయం వేలం సమయంలో పోస్ట్‌గ్రెస్‌లోని పీజీ_స్టాట్_యాక్టివిటీ వ్యూలో ఏ సర్వీసుకు ఎన్ని కనెక్షన్లు ఉన్నాయో నిమిషానికోసారి లెక్కించి రాసుకోండి, మీ గరిష్ఠ కనెక్షన్ల విలువ ఎంతో కూడా చూడండి. క్లౌడ్ కంపెనీ నడిపే డేటాబేస్ అయితే అది 100 కాకుండా మెషిన్ మెమరీని బట్టి మరో సంఖ్య ఉండవచ్చు. మొత్తం ఆ పరిమితిని తాకుతుంటే పైన చెప్పిన మార్పులు చేసి, జావా ఏజెంట్‌ను తక్‌పట్టీ, చెల్లింపు సర్వీసులకు ముందుగా తగిలించండి. పరిమితికి చాలా దిగువనే ఉంటే నా ఊహ తప్పన్నట్టు. అప్పుడు సీపీయూ థ్రాట్లింగ్ గ్రాఫునూ, ఎస్సెమ్మెస్ గేట్‌వే పిలుపుల సమయాన్నీ ఇక్కడ పెట్టండి, అక్కడి నుంచి చూద్దాం.